పెరటి పొయ్యి – ఇంటి ఆరోగ్యం

కట్టెల పొయ్యికి కాలం చెల్లిపోయిందని చాలామంది భావిస్తున్నారు. అది సగం సత్యం మాత్రమే. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశపెట్టిన దీపం పథకం, 2016లో కేంద్ర ప్రభుత్వం ఆరంభించిన ఉజ్వల పథకం గ్యాసు బండను ఊరూరా చేర్చాయి. అయినప్పటికీ కృష్ణా తుంగభద్రల నడుమనున్న మా నడిగడ్డలో, నేను వైద్యం చేసే వడ్డేపల్లిలో, వేకువన ఏ వీధి వెంట నడిచినా పెరటిగోడల మీదుగా పొగ లేస్తూనే కనిపిస్తుంది. స్నానాలకు వేన్నీళ్లు, జొన్నరొట్టెలు, పశువులకు ఉలవలు, సంక్రాంతికి అరిసెలు, ఇంట శుభకార్యమైతే బంధువులందరికీ వంట – వీటికి నేటికీ చాలా ఇళ్లలో కట్టెలే ఆధారం. గ్యాసు వంటింట్లోకి వచ్చింది. పొయ్యి పెరట్లోకి జరిగింది.

ఈ జరగడంలోనే ఒక చిక్కు వచ్చిపడింది. వంటింట్లో ఉన్నంతకాలం పొయ్యిని ఇల్లాలు దినదినమూ కనిపెట్టి ఉండేది. తెల్లవారగానే బూడిద ఎత్తి, ఎర్రమన్నూ పేడా కలిపి అలికి, ముగ్గు పెట్టి, పసుపు కుంకుమలు ఉంచిన తరువాతనే నిప్పు రాజేసేవారు. దీనిని మనం ఆచారమన్నాం. కాని అలికే చేతికి పొయ్యిలోని ప్రతి బీటా తగిలేది. అలుకుతోపాటే ఆ బీట పూడిపోయేది. బూడిద ఎత్తినందువల్ల గాలికి దారి ఏర్పడేది. ఆచారం పేరిట ప్రతిదినమూ పొయ్యికి మరమ్మతు జరిగేదన్నమాట. స్నానాలగది పక్కకో, రేకుల పంచ కిందకో చేరిన నేటి పొయ్యికి ఆ పూజా లేదు, ఆ మరమ్మతూ లేదు. దగ్గు, ఆయాసం, కళ్లమంట అంటూ నా వద్దకు వచ్చే గృహిణులను నేను మొట్టమొదట అడిగే ప్రశ్న ఆహారం గురించి కాదు; "మీ ఇంట్లో నీళ్లు దేనిమీద కాస్తారమ్మా?" అని అడుగుతాను. జవాబులోనే సగం నిదానం దొరుకుతుంది.

పొగను గురించి శాస్త్రం ఏమన్నది?

వంటపొగ రోగకారణమని మన పూర్వులు ఏనాడో గుర్తించారు. చరక సంహితలో శ్వాసరోగ కారణాలను చెప్పేచోట దుమ్ముతోపాటు పొగను కూడా పేర్కొన్నారు. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో అగ్నికర్మను వివరించే అధ్యాయంలో 'ధూమోపహతుడు', అనగా పొగచేత దెబ్బతిన్నవాని లక్షణాలు చెప్పబడినవి. ఎగశ్వాస, తుమ్ములు, దగ్గు, కన్నుల మంట, ఎరుపు, విడిచే ఊపిరిలో పొగ, వాసనా రుచీ తెలియకపోవడం, వినికిడి తగ్గడం, దప్పిక, తాపం, జ్వరం, చివరకు మూర్ఛ – ఇదీ ఆ వరుస.

"ఆయుర్వేదంలో ధూమపాన చికిత్స, ధూపాలు ఉన్నాయి కదా, పొగ మంచిదే కదా?" అని కొందరు పాఠకులు ప్రశ్నించవచ్చు. ఔషధ ధూమం వేరు, కట్టెపొగ వేరు. ఔషధ ధూమానికి ద్రవ్యం, మాత్ర, కాలం నిర్ణయమై ఉంటాయి. ఆ ఔషధ ధూమమైనా అకాలంలో, అధికంగా సేవిస్తే చెవుడు, గుడ్డితనం, మూగతనం, రక్తపిత్తం, తలతిరుగుడు కలుగుతాయని చరకుడే హెచ్చరించాడు. మందుపొగకే ఇన్ని నియమాలుంటే, పచ్చికట్టె విడిచే పొగను రోజూ గంటల తరబడి పీల్చడాన్ని శాస్త్రం ఎలా సమ్మతిస్తుంది?

ఆధునిక వైద్యం కూడా ఇదే మాట అంటున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో ఇళ్లలోని వంటపొగ వల్ల ప్రపంచమంతటా సుమారు 32 లక్షల మంది మరణించారు. వారిలో 2 లక్షల 37 వేలమందికి పైగా ఐదేళ్లలోపు పసివారు. చుట్ట, బీడీ ముట్టని స్త్రీలలో సైతం ఊపిరితిత్తులు క్రమంగా చెడి ఆయాసం శాశ్వతమయ్యే వ్యాధి రావడానికి ఈ పొగ ముఖ్య కారణాలలో ఒకటి. గుండెజబ్బుకు, పక్షవాతానికి, పిల్లలలో న్యుమోనియాకు, శిశువు తక్కువ బరువుతో పుట్టడానికి, కంటిపొరకు కూడా దీనితో సంబంధమున్నది.

కావున ముందుగా ఒక మాట నిష్కర్షగా చెప్పాలి. గ్యాసు, విద్యుత్తు అందుబాటులో ఉన్న ఇంట నిత్యపు వంటకు వాటినే వాడండి. గర్భిణులు, ఐదేళ్లలోపు పిల్లలు, ఉబ్బసం లేదా గుండెజబ్బు ఉన్నవారు కట్టెల పొయ్యి దరిదాపుల కూర్చోరాదు. ఈ జాగ్రత్త తీసుకున్న తరువాత కూడా పెరట్లో పొయ్యి వెలిగించక తప్పని కుటుంబాల కోసమే మిగిలిన వ్యాసం.

పొయ్యికీ నాలుగు అగ్నులు

గురుకులంలో చేరిన కొత్తలో మా గురువుగారు నాకు శ్లోకం చెప్పడానికి ముందు పొయ్యి అప్పగించారు. ఒక భాగం ఓషధికి పదహారు భాగాల నీరు పోసి, ఎనిమిదో వంతు మిగిలేవరకు మెల్లని మంటపై కాచాలని కషాయ విధి. మంట పెరిగితే నీరు ఇగురుతుంది గాని సారం దిగదు. మంట తగ్గితే పొగవాసన పట్టి మందు చెడుతుంది. నెలల తరబడి ఆ పొయ్యి ముందు కూర్చున్నందువల్ల ఒక సంగతి నాకు బోధపడింది: జఠరాగ్నికి శాస్త్రం చెప్పిన నాలుగు స్థితులూ పొయ్యిలో కంటికి కనిపిస్తాయి.

మందాగ్ని: తడికట్టె, గొంతుదాకా కూరిన కట్టెలు, బూడిదతో నిండిన గర్భం – ఈ మూడూ మంటను మందగింపజేస్తాయి. నిజానికి కట్టె నేరుగా మండదు. వేడికి దానిలోనుంచి ఆవిరుల వంటి వాయువులు వెలువడుతాయి. అవి తగినంత వేడి, తగినంత గాలి దొరికినప్పుడు జ్వాలగా మండుతాయి. దొరకనప్పుడు పొగగా బయటకు పోతాయి. అనగా పొగ కాలిన కట్టె కాదు, కాలవలసి ఉండీ కాలని కట్టె. జఠరాగ్ని మందగించినప్పుడు అన్నం పక్వం కాక ఆమం పుట్టినట్లే, పొయ్యి మందగించినప్పుడు పొగ పుడుతుంది. పొయ్యికి పొగయే ఆమం.

తీక్ష్ణాగ్ని: మంట గిన్నె అడుగును దాటి అంచుల చుట్టూ పైకి లేస్తుంది. వంట త్వరగా అవుతున్నట్లు కనిపిస్తుంది గాని కట్టె వృథా అవుతుంది, చీర అంటుకునే ప్రమాదం పెరుగుతుంది.

విషమాగ్ని: పొయ్యికి బీటలు పడినా, ఎదురుగాలి తగిలినా మంట ఒకమారు లోనికి, ఒకమారు బయటకు వస్తుంది. వంట చేసేవారి ముఖానికి పొగ కొడుతుంది.

సమాగ్ని: పసుపుపచ్చని తేటమంట గిన్నె అడుగునే అంటిపెట్టుకొని ఉంటుంది. పొగగొట్టం కొసన చూస్తే పొగ పలుచగా, దాదాపు కనిపించకుండా ఉంటుంది. మన ప్రయత్నమంతా ఈ స్థితి కోసమే.

కట్టె ఎంపిక

పొగలో ఎక్కువ భాగానికి కారణం కట్టెలోని తడి. అప్పుడే నరికిన కట్టె బరువులో సగం దాకా నీరే ఉండవచ్చు. ఆ నీటిని ఆవిరి చేయడానికే నిప్పు తన శక్తిని వెచ్చిస్తుంది. పొయ్యిలో పెట్టదగిన కట్టెలో తడి ఐదోవంతుకు మించరాదు. ఇందుకు కట్టెను చీల్చి, కనీసం ఆరునెలలపాటు ఎండకూ గాలికీ ఉంచాలి. మా ప్రాంతంలో వేసవికి ముందే కట్టె కొట్టించి, ఎండలు ముగిసేలోగా ఆరబెట్టి, తొలకరికి ముందు పంచ కిందకు చేర్చడం పాత పద్ధతి. ఇంతకంటె మంచి పద్ధతి లేదు.

ఎండినదీ లేనిదీ తెలుసుకోవడం సులభం. ఎండిన కట్టె కొసలలో నెర్రెలు విచ్చుకుంటాయి, బెరడు తేలికగా ఊడుతుంది. రెండు ముక్కలను ఒకదానితో మరొకటి తడితే ఖణేలుమంటుంది. పచ్చికట్టె దబ్బుమని మొద్దుశబ్దం చేస్తుంది.

తుమ్మ, చింత, వేప, ఊరిచుట్టూ పెరిగిన సర్కారు తుమ్మ – ఇవి నిదానంగా కాలి మంచి నిప్పునిస్తాయి. కందికట్టె, పత్తికట్టె త్వరగా అంటుకొని త్వరగా ఆరిపోతాయి. రాజేయడానికి, రొట్టెలకు అనుకూలం, కాని దగ్గరే ఉండి ఎగదోయాలి. కట్టె ఏదైనా బొటనవేలి నుండి మణికట్టు వరకు మందం ఉంటే చాలు. మొద్దులు పెట్టరాదు. ఒకసారి మూడు నాలుగు ముక్కలకు మించక, కొస కాలినకొద్దీ లోనికి తోయాలి. పొయ్యికి కూడా మితాహారమే పథ్యం.

పొయ్యిలో వేయకూడనివి కొన్ని ఉన్నవి. ప్లాస్టిక్ సంచులు, రబ్బరు, రంగు వేసిన కిటికీ చెక్కలు, ప్లైవుడ్ ముక్కలు విషవాయువులను విడుస్తాయి. పైపుల ప్లాస్టిక్ కాలితే ఆమ్లవాయువు పుట్టి గొంతును, ఊపిరితిత్తులను కోసివేస్తుంది. మా వైపు పత్తి విత్తనాల సేద్యం ఎక్కువ గనుక పురుగుమందు డబ్బాలు పెరట్లో పడి ఉంటాయి. వాటిని ఎన్నడూ మండించరాదు. గన్నేరు కట్టె విషమయం. నల్లజీడి కట్టె పొగ సైతం ఒంటికి తగిలితే బొబ్బలు లేపుతుంది. ఈ రెండింటినీ దూరంగా ఉంచండి.

కట్టెల మోపును నేలమీద కాక, రెండు రాళ్లపై దుంగలు పరచి అడుగెత్తున పేర్చండి. తడి ఎక్కదు, తేళ్లు, పాములు చేరినా కనిపిస్తాయి. చీకట్లో చేయి పెట్టి కట్టె లాగడం మా ప్రాంతంలో తేలుకాటుకు ఆహ్వానం.

పొయ్యి నిర్మాణం, పొగకు దారి

మా ప్రాంతపు పాత మట్టిమిద్దెలకు పైకప్పులో గవాక్షి ఉండేది. వెలుతురు లోనికి రావడానికి, పొగ పైకి పోవడానికి అదే దారి; వాన వస్తే బండతో మూసేవారు. సిమెంటు కప్పులు వచ్చాక గవాక్షి మాయమైంది, పొగ మాత్రం నిలిచిపోయింది. కావున నేటి పొయ్యికి పొగగొట్టం తప్పనిసరి.

ఈ విషయంలో మన తెలుగునాడు దేశానికే దారి చూపిందని నేటితరం వారికి తెలియకపోవచ్చు. హైదరాబాదులోని ఇంజనీరింగ్ పరిశోధనశాలలో డాక్టర్ ఎస్.పి. రాజు గారు పొగగొట్టంతో కూడిన మట్టిపొయ్యిని రూపొందించారు. లక్షలాది ఇళ్లకు పొగలేని వంటిళ్లు అందాలన్న ఉద్దేశంతో ఆయన ఆంగ్లంలో రాసిన పుస్తకం 1953లో మద్రాసులో వెలువడింది. ఆ పరిశోధనశాల పేరిట 'హెర్ల్ చుల్హా' అని అది దేశమంతటా ప్రసిద్ధికెక్కింది. మన ఇళ్లలోని కోడిపొయ్యి లాగే ముందు గిన్నెను వేడిచేసిన మంట వెనుకనున్న గిన్నెలను కూడా కాచి, ఆ తరువాతనే పొగ గొట్టంలోకి పోవడం దీని సూత్రం. 1980వ దశకంలో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమాన్ని చేపట్టి 2002 వరకు నడిపింది.

మరి అవన్నీ ఏమైనట్లు? దీనికి ఒడిశాలో జరిగిన ఒక పరిశీలన జవాబు చెబుతున్నది. 2019లో నోబెల్ బహుమతి పొందిన ఎస్తేర్ డుఫ్లో, ఆమె సహచరులు సుమారు 2,600 కుటుంబాలలో పొగగొట్టం ఉన్న మట్టిపొయ్యిల ఫలితాన్ని నాలుగేళ్ల దాకా గమనించారు. మొదటి ఏడాది వంట చేసేవారు పీల్చే పొగ తగ్గింది. తరువాతి ఏళ్లలో ఆ లాభం కనిపించకుండా పోయింది. పొయ్యిలను క్రమం తప్పక వాడకపోవడం, బీటలు పూడ్చకపోవడం, పొగగొట్టం శుభ్రం చేయకపోవడం – ఇవే కారణాలని వారు తేల్చారు. 2016లో ప్రచురితమైన ఈ ఫలితాన్ని చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. మందు ఎంత గొప్పదైనా పథ్యం లేకపోతే పనిచేయదు. పొయ్యికి నిర్వహణే పథ్యం.

మంచి పొయ్యికి కావలసిన ముఖ్యలక్షణాలు ఇవి. కట్టెల కింద ఇనుప జాలీ ఉండాలి; కింది నుండి గాలి అందితేనే నిప్పు పూర్తిగా మండుతుంది. గిన్నెకూ పొయ్యి అంచుకూ నడుమ వేలెడు సందును మించి ఉండరాదు. పొగగొట్టం వంకరలు లేకుండా నిటారుగా లేచి, ఇంటికప్పు కంటె రెండు మూడు అడుగులు ఎత్తున ముగియాలి. కొసన వాన పడకుండా టోపీ ఉండాలి. గొట్టం పూరికప్పు గుండా, చెక్కదూలాల పక్కగా పోరాదు. పాత రోజులలో బిగించిన ఆస్బెస్టాస్ సిమెంటు గొట్టాలు ఉంటే వాటిని కోయడం, తొలచడం, గీకడం చేయకండి; ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. పొయ్యి చుట్టూ మూడడుగుల మేర గడ్డి, గోనెలు, కిరోసిను, ఆరేసిన బట్టలు ఏవీ ఉండకూడదు.

నిర్వహణ క్రమం

ప్రతిరోజూ: రాజేయడానికి ముందు బూడిద ఎత్తాలి. జాలీ కన్నాలు తెరిచి ఉన్నాయో లేదో చూడాలి. మొదట చితుకులతో పొయ్యిని, గొట్టాన్ని వేడెక్కించి, ఆ తరువాత కట్టె పెట్టాలి. వేడెక్కిన గొట్టమే పొగను పైకి లాగుతుంది. చల్లని గొట్టం వెనక్కు తన్నుతుంది. పని ముగిశాక మిగిలిన కొరకంచులను బయటకు లాగి, నీళ్లు చిలకరించి పూర్తిగా ఆర్పాలి.

వారానికొకసారి: ఎర్రమన్ను, పేడ, కొద్దిగా ఊక కలిపిన ముద్దతో పొయ్యిని అలకాలి. లోపలి బీటలలో వేలితో మట్టి కూరాలి. గిన్నెల అడుగు మసిని తోమాలి; మసి పొర వేడిని గిన్నెకు చేరనీయదు.

నెలకొకసారి: పొయ్యి పూర్తిగా చల్లారిన తరువాత పొగగొట్టం శుభ్రం చేయాలి. తాడు నడుమ గోనెగుడ్డ చుట్ట కట్టి, కింద కొసకు చిన్న రాయి వేలాడదీసి, పైనుండి దించి నాలుగైదుసార్లు కిందికీ పైకీ లాగితే మసి రాలుతుంది. ముక్కుకు, నోటికి తడిగుడ్డ కట్టుకోవడం మరువకండి. పచ్చికట్టె వాడిన ఇళ్లలో గొట్టం లోపల తారువంటి జిగట పేరుకొంటుంది. అది ఒకనాడు గొట్టంలోనే అంటుకోవచ్చు. గొట్టంలో హోరుమనే శబ్దం, కొస నుండి నిప్పురవ్వలు వస్తే అదే గుర్తు. వెంటనే పొయ్యి నోటిని తడి మట్టితో మూసి గాలి అందకుండా చేసి, అందరినీ బయటకు పంపి, 101కు ఫోను చేయండి. కాలుతున్న గొట్టంలో నీళ్లు పోస్తే గొట్టం పగులుతుంది.

ఏడాదికొకసారి: వానలు వెలిసిన తరువాత, చలికాలానికి ముందు, పొయ్యి లోపలి గోడలను, గొట్టం అతుకులను, టోపీని పరీక్షించి చెడినవి మార్చాలి. తేనెటీగలు, పిచ్చుకలు గొట్టంలో గూడు కట్టాయేమో అప్పుడే చూడాలి.

కంటికి కనిపించని విషం

పొగ కనబడుతుంది గనుక దాని నుండి తప్పుకుంటాం. పొగ లేని నిప్పులో మరొక అపాయమున్నది. కణకణలాడే బొగ్గుల నుండి కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వెలువడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థాన్ని అది ప్రాణవాయువు కంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, ఓకరింత, తలతిరుగుడు, మత్తు, ఆపై స్పృహ తప్పడం వరుసగా జరుగుతాయి. నిద్రలో ఉన్నవారు మేల్కొనకుండానే ప్రాణం పోవచ్చు.

కొన్నేళ్ల క్రితం మా సమీప గ్రామంలో పుష్యమాసపు చలిలో ఒక బాలింత గదిలో కుంపటి పెట్టి, గాలి తగలరాదని తలుపులు, కిటికీలు బిగించారు. తెల్లవారేసరికి ఆ తల్లికి భరించరాని తలనొప్పి, వాంతులు. పిలిస్తే పలుకు తడబడుతున్నది. పసిబిడ్డ పాలు పట్టడం లేదు. 'గాలి సోకింది' అనుకొని నాకు కబురు చేశారు. గుమ్మంలో అడుగు పెట్టగానే కుంపటి నా కంటబడింది. తలుపులన్నీ తెరిపించి, తల్లీబిడ్డలను ఆరుబయటకు తెప్పించి, వెంటనే కర్నూలు ఆసుపత్రికి పంపించాను. అక్కడ ప్రాణవాయువు అందించిన మీదట ఇద్దరూ కోలుకున్నారు. నా సంచిలోని మందు ఒక్కటీ తీయలేదు; ఆ సమయంలో వారికి కావలసిన ఔషధం గాలి ఒక్కటే.

కావున కుంపటిని మూసిన గదిలో ఉంచరాదు. బాలింతకు, శిశువుకు వెచ్చదనం కావాలంటే బయట కాచిన నీటి సంచిని గుడ్డలో చుట్టి కాళ్ల దగ్గర ఉంచండి, దుప్పట్లు కప్పండి. సాంబ్రాణి పొగను శిశువు ముఖానికి పట్టించకండి. తల్లి జుట్టు ఆరడానికి ఎండ, గాలి చాలు.

రాగి బాయిలరు వాడేవారికి కూడా ఇదే హెచ్చరిక. దాన్ని స్నానాలగది లోపల కాక, బయట పంచలో ఉంచి నీళ్లు లోపలికి తెచ్చుకోండి. నీరు నిండిన తరువాతనే నిప్పు వేయాలి. ఖాళీ బాయిలరు కింద మంట పెడితే అతుకులు కరిగిపోతాయి. లోపల పేరుకొనే సున్నపు పొరను ఏడాదికొకమారు తీయించండి.

మంటల ప్రమాదం

ఆరిపోతున్న పొయ్యిలో కిరోసిను లేదా పెట్రోలు పోయడం ఘోరమైన అలవాటు. మంట ధారవెంట డబ్బాలోకి పాకుతుంది. చితుకులు, ఎండిన కొబ్బరిపీచు, ఊదుగొట్టం – ఇవే క్షేమకరమైన సాధనాలు. పొయ్యి దగ్గర నూలుచీర కట్టి, కొంగును నడుముకు బిగించండి. నైలాను బట్ట కరిగి ఒంటికి అతుక్కుంటుంది. పక్కనే బక్కెట నీళ్లు, ఒక గంపెడు ఇసుక ఉంచండి. మూకుట్లో నూనె అంటుకుంటే నీళ్లు పోయకండి. కట్టెలు వెనక్కు లాగి, పళ్లెంతో మూకుడు మూయండి. బట్టలు అంటుకుంటే పరుగెత్తక నేలపై పడి దొర్లాలి. పక్కవారు గొంగడి కప్పాలి.

నివురుగప్పిన నిప్పు అనే మాట ఊరకే పుట్టలేదు. బూడిదలోని నిప్పు మరునాటి దాకా కూడా బతికి ఉంటుంది. చూపుకు చల్లారిన బూడిదను దిబ్బపై, గడ్డివాము పక్కన పోస్తే వేసవిగాలికి వాము తగులబడుతుంది. మూత ఉన్న ఇనుప డబ్బాలో రెండురోజులు ఉంచి, ఆ తరువాత విత్తనాల నిల్వకో, కూరపాదులకో వాడుకోండి.

కాలినచోట ఏమి చేయాలనే విషయంలో నా మాట కొందరు వైద్యమిత్రులకు నచ్చకపోవచ్చు. కాలిన గాయాలను ప్లుష్టం, దుర్దగ్ధం, సమ్యగ్దగ్ధం, అతిదగ్ధం అని సుశ్రుతుడు నాలుగుగా విభజించాడు. వాటిలో తేలికైన ప్లుష్టానికి వేడి ఉపచారమే చెప్పాడు. నేడు ప్రపంచమంతటా పరీక్షకు నిలిచినది చల్లని నీటి ఉపచారం. రోగి మేలు కోరే వైద్యుడు దానినే అనుసరించాలి. కాలిన వెంటనే గాజులు, ఉంగరాలు తీసి, ఆ భాగాన్ని 20 నిమిషాలు పారే మామూలు నీటి కింద ఉంచండి. మంచుగడ్డ వద్దు. నెయ్యి, సిరా, పేస్టు, పిండి, పేడ ఏదీ పూయరాదు. బొబ్బలు చిదపరాదు. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పండి. అరచేతి కంటె పెద్ద గాయమైనా, ముఖం, చేతులు, మర్మస్థానం కాలినా, పసివారైనా ఆసుపత్రికే వెళ్లాలి. చర్మం చిట్లని చిన్న ఎరుపుకు, పూర్తిగా చల్లారిన తరువాత, తాజా కలబంద గుజ్జు రాయవచ్చు.

పొగ తగిలినవారికి గృహవైద్యం

మొదటి మందు ఆరుబయట గాలి. కళ్లు మండితే శుభ్రమైన చల్లని నీటితో కడగాలి. ఇంట చేసిన పసర్లు కంట్లో పిండరాదు. గొంతు గరగరకు గోరువెచ్చని ఉప్పునీరు పుక్కిలించండి. వంటకు ముందు వేలికొసతో నువ్వులనూనెను ముక్కు అంచుల లోపల రాసుకుంటే పొడిబారకుండా ఉంటుంది. పొడిదగ్గుకు శొంఠి, మిరియాలు, తులసి వేసిన కషాయం పూటకు అరగ్లాసు చొప్పున రెండు పూటలా తాగవచ్చు. కఫం కూడా ఉంటే అడ్డసరం ఆకురసం చెంచాడు తేనెతో ఇవ్వవచ్చు. గర్భిణులకు అడ్డసరం, ఏడాదిలోపు పిల్లలకు తేనె పనికిరావు. బెల్లం తింటే ఊపిరితిత్తులలోని పొగ పోతుందని ఒక నమ్మకమున్నది. బెల్లం గొంతుకు హాయినిస్తుందే గాని ఊపిరితిత్తులను కడగదు.

రెండువారాలు దాటిన దగ్గును కషాయాలతో కాలయాపన చేయకండి. క్షయ పరీక్ష చేయించండి. మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే పిల్లికూతలు ఉంటే ఊపిరితిత్తుల పరీక్ష అవసరం. కారణాన్ని విడిచిపెట్టడమే చికిత్సలో మొదటి మెట్టని ఆయుర్వేదం చెబుతున్నది. పొగ మానకుండా దగ్గుకు మందు వాడటం, ఇంటికప్పు కారుతుండగా నేల తుడవడం వంటిది.

చివరగా ఒక పరీక్ష. పొయ్యి వెనుక గోడపై, కూర్చున్నప్పుడు మీ ముఖం ఉండే ఎత్తున, జానెడు మేర తెల్లని సున్నం వేయండి. నెల గడిచాక చూడండి. తెల్లగా ఉంటే మీ పొయ్యి క్షేమం. నల్లబడితే మీ ఊపిరితిత్తులు కూడా అంతే నల్లబడుతున్నాయని గ్రహించి, ఆ రోజే గొట్టం విప్పండి, కట్టె మార్చండి, బీటలు పూడ్చండి. మళ్లీ సున్నం వేసి మళ్లీ చూడండి.